ముట్లు ఆగే వయసులో పొట్టకు నూనె మర్దన చేసుకోవచ్చా?

చేసుకోవచ్చమ్మా. గ్యాస్ తగ్గుతుంది, మోషన్ సాఫీగా అవుతుంది, పడుకునే ముందు చేసుకుంటే నిద్ర కూడా కాస్త తొందరగా పడుతుంది. కానీ మీ పక్కింటావిడ చెప్పినట్టు మర్దనతో గర్భసంచి శుభ్రపడదు, ఆగిన నెలసరి తిరిగి రాదు, గడ్డ కరగదు. పొట్ట తేలికపడటం కోసమైతే నిశ్చింతగా చేసుకోండి. గర్భసంచి బాగవ్వాలని అయితే నూనె గిన్నె పక్కన పెట్టి ముందు డాక్టర్ దగ్గరకు వెళ్లండి.

మీరు రాసింది క్లుప్తంగా మళ్లీ చెబుతాను, ఇదే ఇబ్బంది ఉన్న మిగతావాళ్లకూ అర్థమవుతుంది. మీకు 48. విజయవాడ పటమటలో ఉంటారు. ఏడాదిగా నెలసరి గతి తప్పింది, చివరిసారి వచ్చి నాలుగు నెలలైంది. సాయంత్రానికి పొట్ట డప్పులా బిగుస్తోంది, రెండు మూడు రోజులకోసారి గానీ మోషన్ అవడం లేదు. రాత్రిళ్లు ఉన్నట్టుండి ఛాతీ నుంచి తల దాకా ఆవిరి కొట్టినట్టు వేడెక్కి చెమటలు పడుతున్నాయి. స్కానింగ్‌లో 2 సెంటీమీటర్ల ఫైబ్రాయిడ్, అంటే గర్భసంచిలో పెరిగే క్యాన్సర్ కాని గడ్డ, కనిపిస్తే, ఎలాగూ ఆగిపోయే వయసే కదా, గర్భసంచి తీయించేసుకోండి అన్నారట. పక్కింటావిడేమో ఆముదం రాసి గట్టిగా పిసికించుకుంటే లోపలున్న చెడు రక్తం దిగిపోతుందని అంటోంది. అత్తగారు అసలు పొట్ట మీద చెయ్యే వేయొద్దంటున్నారు. ముగ్గురి మాటల మధ్య మీకు టెన్షన్ పెరిగిపోయింది.

నేను గుంటూరులో ఆడవాళ్ల వార్డుల్లో 31 ఏళ్లు స్టాఫ్ నర్సుగా చేశాను. రిటైరయ్యాక విజయవాడలో మా అమ్మాయి దగ్గర ఉంటున్నాను. నాకు 49లో ముట్లు ఆగాయి, ఇప్పుడు 61. నేను డాక్టర్ని కాదు, మందులు రాసివ్వను. చేతులతో చేసిన పని, కళ్లతో చూసిన మనుషులు, నా ఒంటి మీద పడిన అనుభవం, వీటిలోంచే చెబుతాను.

ముందు ఆ చెడు రక్తం సంగతి. ఈ మాట వార్డులో నేను కొన్ని వందలసార్లు విని ఉంటాను. నెలసరి రాకపోతే ఆ రక్తమంతా లోపలే నిలిచిపోయి ఒంటికి చెరుపు చేస్తుందని మనవాళ్ల భయం. అలా ఏదీ నిలవదమ్మా. నెలనెలా గర్భసంచి లోపల ఒక పొర పెరిగి, గర్భం రాకపోతే ఊడిపోతుంది, అదే నెలసరి. ముట్లు పూర్తిగా ఆగాక ఆ పొర పెరగదు, కాబట్టి దిగాల్సింది కూడా ఏమీ ఉండదు. మీలా గతి తప్పే రోజుల్లో మాత్రం ఒక చిక్కుంది. అండం విడుదల కాని నెలల్లో ఆ పొర ఊడకుండా మందంగా పెరుగుతూ పోవచ్చు. అందుకే మూడు నాలుగు నెలలు రాక, వచ్చినప్పుడు ఒక్కసారిగా వరదలా అవుతుంది. అలా అయితే చూడాల్సింది స్కానింగ్‌లో ఆ పొర మందం ఎంతుందని. పొట్ట పిసికితే ఆ పొర పలచబడదు.

12 నెలలు వరసగా రాకపోతేనే మెనోపాజ్ అంటారు. మన దేశంలో సగటున 46, 47 ఏళ్లకు ఆగుతుంది. 40 లోపే ఆగితే అది మామూలు కాదు, చూపించుకోవాలి. మీరింకా మెనోపాజ్‌కు చేరలేదు, ఆ దారిలో ఉన్నారు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించుకుని ఉండకపోతే గర్భం వచ్చే అవకాశం కూడా పూర్తిగా పోయినట్టు కాదు. నాలుగు నెలలు రాలేదంటున్నారు కాబట్టి, సిగ్గుపడకుండా మెడికల్ షాపులో ఒక ప్రెగ్నెన్సీ కిట్ తెచ్చుకుని చూసుకున్నాకే పొట్ట మర్దన మొదలుపెట్టండి. 47లో కడుపుతో ఉండి, ముట్లు ఆగాయనుకుని ఐదో నెలలో మా దగ్గరకు వచ్చినావిడ ఉన్నారు.

పొట్ట బిగియడానికి కారణం ఒక్కటే అని చెప్పలేం. ఈ రోజుల్లో హార్మోన్లు ఒకరోజు పైకి, ఒకరోజు కిందికి ఊగుతుంటాయి. ఒంట్లో నీరు నిలుస్తుంది, పేగుల కదలిక మందగిస్తుంది. ఇదివరకు తుంటి దగ్గర చేరే కొవ్వు ఇప్పుడు నడుము చుట్టూ చేరుతుంది. దానికి తోడు రక్తం తక్కువని ఐరన్ మాత్రలు, ఎముకలకని క్యాల్షియం మాత్రలు వేసుకుంటాం. ఈ రెండూ మోషన్‌ను గట్టిపరుస్తాయి. మర్దన వల్ల పేగులు కదులుతాయి. కొవ్వు మాత్రం ఎంత రుద్దినా కరగదు.

ఇక చెయ్యి వేసే ముందు చూసుకోవాల్సినవి. ఇక్కడ నేను కాస్త గట్టిగానే చెబుతాను, ఏమీ అనుకోవద్దు.

తెనాలి వైపు పల్లెటూరి నుంచి ఒకావిడ వచ్చారు, 57 ఏళ్లు. ఎనిమిది నెలలుగా పొట్ట బిగుతు. గ్యాసే అనుకుని వారం వారం ఒక పెద్దావిడ చేత ఆముదంతో పొట్ట పిసికించుకున్నారు. నాలుగు ముద్దలు తినేసరికి కడుపు నిండిపోతోందని అన్నం తగ్గించారు. పడుకోబెట్టి చూస్తుంటే నాకు ఒకటి కనిపించింది. చేతులు సన్నబడి జాకెట్ వదులైపోయింది, గాజులు మోచేతి దాకా జారుతున్నాయి. లంగా బొందు మాత్రం ముడి పడటానికి అంగుళం కూడా మిగలడం లేదు. పాత ముడి పడిన చోట బొందు మీద మడతలు వరసగా ఉన్నాయి, నెలకొకటి చొప్పున బయటికి జరుగుతూ వచ్చాయి. కడుపులో నీరు చేరింది, అండాశయం క్యాన్సర్. ఎనిమిది నెలల కిందట ఒక్క స్కానింగ్ తీయించి ఉంటే అని ఆమె కూతురు వరండాలో కూర్చుని ఏడ్చిన ఏడుపు నాకింకా గుర్తుంది.

మిమ్మల్ని భయపెట్టడానికి చెప్పడం లేదు. మీ పొట్ట ఉదయానికి తేలికపడుతోంది, మోషన్ అయితే తగ్గుతోంది అని రాశారు, అది పేగుల ఇబ్బందిలాగే ఉంది. కానీ వస్తూ పోతూ ఉండే ఉబ్బరం వేరు, వచ్చి తగ్గకుండా రెండు మూడు వారాలు ఉండిపోయే ఉబ్బరం వేరు. దానితోపాటు కొంచెం తినగానే కడుపు నిండిపోవడం, పొత్తికడుపులో నొప్పి, మాటిమాటికీ మూత్రం రావడం, ఒళ్లు తగ్గడం ఉంటే మర్దన మానేసి స్కానింగ్ తీయించుకోవాలి. అలాగే ముట్లు ఆగి ఏడాది దాటాక ఒక్క చుక్క రక్తం మరక కనబడినా వెంటనే చూపించుకోవాలి. పదిమందిలో సుమారు తొమ్మిదిమందికి అది పొర పలచబడటమో, పాలిప్ అనే చిన్న కండ పెరగడమో అవుతుంది. ఆ పదో మనిషికి గర్భసంచి క్యాన్సర్ కావచ్చు. అది ముందే పట్టుకుంటే బాగా నయమయ్యే జబ్బు.

ఇంకొందరు అసలు చేసుకోకూడదు. బొడ్డు దగ్గర గానీ గజ్జల్లో గానీ హెర్నియా ఉన్నవాళ్లు, అండాశయంలో పెద్ద నీటిగడ్డ ఉన్నవాళ్లు, పొట్టకు ఆపరేషన్ జరిగి డాక్టర్ ఇంకా సరే అనని వాళ్లు, జ్వరం, వాంతులు, కారణం తెలియని నొప్పి ఉన్నవాళ్లు. ఎక్కువ రక్తస్రావం అవుతున్న రోజుల్లో కూడా వద్దు. గర్భసంచి జారినవాళ్లు పొట్టను కిందికి గట్టిగా నొక్కడం అసలే కూడదు.

ఇవేవీ లేవనుకుంటే, చేసుకునే పద్ధతి ఇది.

అన్నం తిని కనీసం రెండు గంటలు గడవాలి. ఉదయం లేచి గ్లాసుడు గోరువెచ్చని నీళ్లు తాగి, కాఫీకి ముందు చేసుకుంటే మోషన్‌కు బాగా పనిచేస్తుంది. నిద్ర కోసమైతే రాత్రి. మూత్రానికి వెళ్లి వచ్చి, పరుపు మీదో బొంత మీదో వెల్లకిలా పడుకోండి. మోకాళ్ల కింద రెండు దిళ్లు పెట్టుకోవాలి. ఇది చాలామంది పట్టించుకోరు, కానీ అసలు కిటుకు ఇక్కడే ఉంది. కాళ్లు చాపి పడుకుంటే పొట్ట కండరం తాడులా లాగుతుంది, చేతికి లోపలిది ఏమీ తెలియదు. మోకాళ్లు పైకి లేస్తే అదే పొట్ట పిండిముద్దలా మెత్తబడుతుంది.

నూనె రెండు చెంచాలు చాలు. చిన్న గిన్నెలో పోసి ఆ గిన్నెను వేడినీళ్లలో రెండు నిమిషాలు ఉంచండి. పొయ్యి మీద నేరుగా పెట్టొద్దు, ఎంత వేడెక్కిందో తెలియదు. మణికట్టు లోపలివైపు ఒక చుక్క వేసుకుని చూసుకోవాలి. చంటిపిల్లకు ఒళ్లు రుద్దే ముందు మన అమ్మలు చూసినట్టే. బెజవాడ ఎండాకాలంలో, పైగా మీకు ఆవిర్లు వస్తున్నప్పుడు, వేడి చేయకుండా మామూలు కొబ్బరినూనె రాసుకోవచ్చు.

వెంటనే రుద్దడం మొదలుపెట్టొద్దు. రెండు అరచేతులూ బొడ్డుకు అటూ ఇటూ ఆనించి ఊరికే ఉంచండి. ముక్కుతో గాలి పీలిస్తే చేతులు పైకి లేవాలి, వదిలితే దిగాలి. వదలడం పీల్చడం కంటే నిదానంగా ఉండాలి. ఇలా పదిసార్లు. నేను ఏ పేషెంటుకు నేర్పినా మొదటి రెండు మూడు ఊపిర్లకు చేతులు కదిలేవి కావు, ఛాతీ ఒక్కటే ఎగిరేది. ఏళ్ల తరబడి పొట్ట లోపలికి బిగబట్టి నడిచిన అలవాటు అది. ఐదో ఊపిరికో ఆరో ఊపిరికో చెయ్యి లేస్తుంది. అప్పుడు మొహంలో కూడా బిగువు వదులుతుంది.

ఇప్పుడు దారి. పెద్దపేగు కుడివైపు కింద మొదలై, పైకి పక్కటెముకల దాకా వెళ్లి, అక్కడి నుంచి అడ్డంగా ఎడమవైపుకు తిరిగి, ఎడమ పక్కన కిందికి దిగుతుంది. మన చెయ్యి కూడా అదే దారిలో పోవాలి, అంటే గడియారం ముల్లు తిరిగే వైపు. ఎదురు తిప్పొద్దు. ఫిజియోథెరపీ వాళ్లు దీన్ని ఇంగ్లిష్‌లో ఐ, ఎల్, యు అక్షరాల గుర్తుతో నేర్పుతారు. మొదట ఎడమ పక్కటెముకల కింద నుంచి ఎడమ తుంటి ఎముక దాకా నిలువుగా పదిసార్లు. ముందు బయటికి పోయే దారి ఖాళీ కావాలి కదా, అందుకే ఎడమవైపు మొదలు. తర్వాత పక్కటెముకల కింద కుడి నుంచి ఎడమకు అడ్డంగా వెళ్లి, అక్కడ నుంచి కిందికి పదిసార్లు. ఆ తర్వాత కుడి తుంటి దగ్గర మొదలుపెట్టి పైకి, అడ్డంగా, ఎడమన కిందికి, పూర్తి చుట్టు పదిసార్లు. చివర్లో అరచేత్తో బొడ్డు చుట్టూ చిన్న గుండ్రాలు ఒక నిమిషం.

ఎంత నొక్కాలంటే, పండిన బొప్పాయి మెత్తబడిందా లేదా అని వేళ్లతో చూస్తాం చూడండి, అంత. సొట్ట పడేలా కాదు. ఒక వేలితో పొడిచినట్టు కాకుండా నాలుగు వేళ్లూ కలిపి పరిచి నొక్కాలి. నొప్పి పుడితే ఆపేయాలి. ఎడమవైపు కింద ఒక్కోసారి చేతికి గట్టిగా, ఉండలుగా తగులుతుంది, అది నిలిచిన మలం. అక్కడ బలం పెట్టకుండా అదే ఒత్తిడితో నిదానంగా నాలుగైదు సార్లు ఎక్కువ రాయండి. కాసేపటికి లోపల గుడగుడమని శబ్దం వస్తుంది. ఆ శబ్దం వస్తే పని జరుగుతున్నట్టే. కానీ గట్టి ఉండ మోషన్ అయ్యాక కూడా అదే చోట అలాగే తగులుతుంటే డాక్టర్ చేత చూపించుకోండి.

బొడ్డుకు నేరుగా కింద, పొత్తికడుపు మధ్యలో మాత్రం రుద్దొద్దు. గోరువెచ్చని అరచెయ్యి ఊరికే ఆనించి ఉంచితే చాలు. మొత్తం పది పదిహేను నిమిషాలు పడుతుంది. అయిపోయాక మోకాళ్లు రెండూ దగ్గరగా పెట్టి ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకు వాల్చండి. తర్వాత పక్కకు తిరిగి లేవాలి, ఒక్క ఉదుటున లేవకూడదు. మొదటిరోజే ఫలితం చూడొద్దు, రెండు వారాలు వరసగా చేసి చూడండి.

ఏ నూనె మంచిదని అడిగారు. నువ్వుల నూనె, కొబ్బరినూనె, ఏదైనా ఒకటే, చెయ్యి జారడానికే నూనె. ఆముదం జిగట, బట్టలకు అంటితే పోదు. ఇష్టమైతే నువ్వుల నూనెలో పావువంతు కలుపుకోండి. ఆముదం గుడ్డ వేసి కడితే ఫైబ్రాయిడ్ కరుగుతుందనీ, బొడ్డులో రెండు చుక్కలు వేస్తే హార్మోన్లు సరవుతాయనీ ఫోన్లలో వీడియోలు తిరుగుతున్నాయి. బొడ్డు నుంచి గర్భసంచికి గానీ అండాశయాలకు గానీ నూనె వెళ్లే దారి ఏదీ లేదు. బొడ్డుతాడు మనం పుట్టిన రోజునే మూసుకుపోయింది. బొడ్డు పక్కకు జరిగిందని గట్టిగా లాగి సరిచేస్తామనే వాళ్ల చేతికి మాత్రం పొట్ట ఇవ్వకండి.

మోషన్ కోసం మర్దన ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. ఐరన్ మాత్ర, క్యాల్షియం మాత్ర కలిపి వేసుకుంటున్నారేమో చూసుకోండి. రెండింటికీ మధ్య కనీసం రెండు గంటలు ఎడం ఉండాలి, లేకపోతే ఐరన్ ఒంటికి పట్టదు. థైరాయిడ్ మాత్రకూ ఈ రెండింటికీ నాలుగు గంటల ఎడం కావాలి. కమోడ్ మీద కూర్చునేటప్పుడు పాదాల కింద చిన్న పీట వేసుకోండి, మోకాళ్లు తుంటి కంటే ఎత్తుగా ఉంటే ముక్కాల్సిన అవసరం తగ్గుతుంది. తోటకూర, గోంగూర, జామకాయ, పొట్టుతో పెసలు మన రైతుబజార్‌లో ఏడాది పొడుగునా దొరికేవే. నీళ్లు మాత్రం చాలామంది ఆడవాళ్లు బయటికి వెళ్లినప్పుడు బాత్రూమ్ దొరకదని తాగడం మానేస్తారు. దానివల్ల మలబద్ధకమూ వస్తుంది, యూరిన్ ఇన్ఫెక్షనూ వస్తుంది.

ఆవిర్ల గురించి. మెదడులో ఒంటి వేడిని చూసుకునే భాగం ఒకటుంది. ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోన్ తగ్గేసరికి అది చిన్నపాటి వేడికే కంగారుపడి, రక్తాన్ని చర్మం వైపు పంపి చెమట పట్టిస్తుంది. కొందరికి ఏడాదిలో పోతుంది, కొందరికి ఏడెనిమిదేళ్లు ఉంటుంది. రాత్రి భోజనంలో కారం తగ్గించి చూడండి. గుంటూరు మనిషిగా ఈ మాట చెప్పడం నాకే కష్టం, కానీ ఊరమిరపకాయలు రాత్రిపూట మానేశాక నాకు తేడా తెలిసింది. మధ్యాహ్నం తర్వాత కాఫీ వద్దు. పడక పక్కన చెంబుతో నీళ్లు, తడిగుడ్డ, కరెంటు పోతే విసనకర్ర ఉంచుకోండి. ఆవిరి మొదలవుతోందని తెలియగానే ఇందాక చెప్పిన నిదానమైన ఊపిరి తీసుకోండి. గుండెదడ ఎక్కువగా ఉంటే ఒకసారి థైరాయిడ్ పరీక్ష చేయించుకోవాలి, రెండూ ఒకేలా కనిపిస్తాయి.

నిద్రే లేకుండా, పని చేసుకోలేకుండా ఉంటే హార్మోన్ మాత్రల గురించి డాక్టర్ని అడగడానికి వెనకాడొద్దు. 2002లో అమెరికాలో ఒక పెద్ద అధ్యయనం ఫలితాలు వచ్చాక వాటి పేరు చెబితేనే అందరూ భయపడ్డారు. తర్వాత వయసుల వారీగా చూస్తే, 60 లోపు ఉండి, ముట్లు ఆగిన పదేళ్లలోపు మొదలుపెట్టిన ఆరోగ్యవంతులకు నష్టం కంటే మేలే ఎక్కువని తేలింది. రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్లకు, రక్తం గడ్డకట్టే జబ్బు, లివర్ జబ్బు ఉన్నవాళ్లకు అవి పనికిరావు. వాళ్లకు హార్మోన్ లేని మందులూ ఉన్నాయి.

మీరు రాయలేదు గానీ, అడగడానికి మొహమాటపడి ఉంటారని నేనే చెబుతున్నాను. కింద పొడిబారి మంట పుట్టడం, కలయికలో నొప్పి, దగ్గితే తుమ్మితే చుక్క మూత్రం పడటం కూడా ఇందులో భాగమే. సబ్బు, డెట్టాల్ అక్కడ వాడొద్దు, మామూలు నీళ్లు చాలు. పొడిబారినందుకు కొద్ది మోతాదు ఈస్ట్రోజెన్ క్రీమ్ డాక్టర్ రాస్తారు, చాలా బాగా పనిచేస్తుంది. మూత్రం జారుతుంటే, గాలి పోకుండా బిగబట్టినట్టు కింది కండరాలను ఐదు సెకన్లు బిగించి వదలండి, పదిసార్లు, రోజుకు మూడు పూటలు. కనీసం మూడు నెలలు చేస్తే గానీ తెలియదు.

ఎముకల దగ్గర నాకు మా అమ్మ గుర్తొస్తుంది. నేను పెద్దమనిషినైనప్పుడు మా అమ్మ రోట్లో నువ్వులూ బెల్లం దంచి చిమ్మిలి చేసి రోజూ పెట్టింది. కాన్పయ్యాక నూనె రాసి, వేడినీళ్లు పోసి, సాంబ్రాణి వేసి, నడుముకు గుడ్డ బిగించి కట్టింది. అదే అమ్మకు ముట్లు ఆగినప్పుడు మేం ఎవరమూ ఏమీ చేయలేదు. ఆగాయని కూడా మాకు తెలియదు. 68లో బాత్రూమ్‌లో జారి తుంటి విరిగింది. ముట్లు ఆగిన మొదటి కొన్నేళ్లలోనే ఎముక బాగా వేగంగా తరుగుతుందని నర్సుగా నాకు తెలిసీ, ఇంట్లో మనిషి గురించి నేను ఆలోచించలేదు. అందుకే ఇప్పుడు అడిగిన ప్రతివాళ్లకూ చెబుతాను, ఆ చిమ్మిలి మళ్లీ మొదలుపెట్టండి. ఈ వయసుకు రోజుకు 1000 నుంచి 1200 మిల్లీగ్రాముల క్యాల్షియం కావాలి. గ్లాసుడు పాలలో సుమారు 300, 100 గ్రాముల రాగుల్లో 350 దాకా ఉంటుంది. పొట్టు తీయని నువ్వుల్లోనూ బాగానే ఉంటుంది. షుగర్ ఉంటే బెల్లం లేకుండా నువ్వులపొడి అన్నంలో కలుపుకోండి. వారానికి ఐదు రోజులు అరగంట చురుగ్గా నడవండి. దానితోపాటు కుర్చీలోంచి చేతులు ఆనించకుండా పదిసార్లు లేచి కూర్చోండి. బరువు మోస్తేనే ఎముక నిలుస్తుంది.

గర్భసంచి తీయించుకోవాలా అన్నది మిగిలింది. నాకు 46లో రక్తస్రావం ఎక్కువైతే, చూపించుకున్న మొదటి రోజే ఆపరేషన్‌కు తేదీ ఇచ్చేశారు. హిమోగ్లోబిన్ ఎంతుందో కూడా చూడలేదు. ఇంకో డాక్టర్ దగ్గరకు వెళ్తే ఆవిడ పొర ముక్క తీసి పరీక్షకు పంపి, మామూలుగానే ఉందని తేలాక గర్భసంచి లోపల పెట్టే, హార్మోన్ ఉండే లూప్ వేశారు. మూడేళ్లకు ముట్లు వాటంతటవే ఆగాయి, నా గర్భసంచి నాకే ఉంది. మన రాష్ట్రంలో ఈ ఆపరేషన్లు ఎక్కువని లెక్కలే చెబుతున్నాయి. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద సుమారు 3 శాతం ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 9 శాతం. అవసరం లేని ఆపరేషన్లను ఆపే మార్గదర్శకాలను అన్ని రాష్ట్రాలూ అమలు చేయాలని 2023లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది.

2 సెంటీమీటర్ల ఫైబ్రాయిడ్, పెద్దగా రక్తస్రావం లేదు, నొప్పి లేదు. ముట్లు ఆగాక ఈస్ట్రోజెన్ తగ్గి ఇవి మామూలుగా కుంచించుకుపోతాయి. రెండో డాక్టర్ అభిప్రాయం తీసుకోకుండా ఒప్పుకోకండి. వెళ్లినప్పుడు ఈ మూడూ అడగండి. పొర మందం ఎంత? ఆపరేషన్ కాకుండా వేరే దారి ఏముంది? అండాశయాలు కూడా తీస్తారా, తీస్తే ఎందుకు? అవి ముందే తీసేస్తే ఆవిర్లు, ఎముకల తరుగుదల ఒక్కసారిగా మీద పడతాయి. అదే రోజు గర్భాశయ ముఖద్వారం పరీక్ష, బీపీ, షుగర్, హిమోగ్లోబిన్ కూడా చేయించుకోండి.

మీ అత్తగారి మాట కూడా పూర్తిగా తీసేయకండి. పొట్ట గట్టిగా పిసకొద్దన్నది ఆవిడ భయమైతే, అది సరైన భయమే. ఆవిడకు బాలింతలకు ఒళ్లు రుద్దిన చెయ్యి ఉండే ఉంటుంది. పొట్ట మీరే చేసుకోండి, ఎక్కడ నొప్పి ఉందో మీ చేతికే తెలుస్తుంది. నడుము కింద, పిరుదుల పైన, మన చెయ్యి అందని ఆ చోట మాత్రం ఆవిడను రాయమనండి. పక్కకు తిరిగి పడుకుని, అరచేత్తో నిదానంగా ఐదు నిమిషాలు. రెండు వారాలయ్యాక మోషన్ ఎన్ని రోజులకోసారి అవుతోందో, పొట్ట బిగువు ఏ వేళకు మొదలవుతోందో మళ్లీ రాయండి, అప్పుడు చూసి మిగతాది చెబుతాను.